వాడితే మా పేపర్ ఉదహరించాల్సిందే అని లైసెన్స్‌లో రాయవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ గ్రూపులో కొందరు కలిసి ఆరేళ్లుగా రాసిన మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికలను లెక్కగట్టే) కోడ్ ఉంది. దాన్ని ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టాలనుకుంటున్నారు. జీపీఎల్ (మార్చి పంచేవాళ్లు కూడా అవే షరతులతో సోర్స్ ఇవ్వాలనే లైసెన్స్) పెట్టి, దాని కింద "ఈ ప్రోగ్రాంతో వచ్చిన ఫలితాలు ప్రచురించేవాళ్లు మా పేపర్‌ను తప్పనిసరిగా ఉదహరించాలి" అని ఒక వాక్యం కలపవచ్చా అన్నది మొదటి ప్రశ్న. మీ గైడ్ "కమర్షియల్‌గా వాడకూడదు" అని కూడా రాయమంటున్నారు, అది మంచిదేనా అన్నది రెండోది. ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి ఆ షరతుతో కాపీ ఇచ్చామనీ అన్నారు. ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ (ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌లు లెక్కించే లైబ్రరీ) లింక్ చేశామని చివర్లో మాటవరసకు అన్నట్టు రాశారు. నన్నడిగితే మొదట చూడాల్సింది అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ వాక్యాన్ని లైసెన్స్‌లో కలపకండి. జీపీఎల్‌కు అలాంటి షరతు తగిలించడానికి వీల్లేదు. మీ సొంత లైసెన్స్ రాసుకుని పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు అది ఓపెన్ సోర్స్ అనిపించుకోవడం కష్టం, దానివల్ల వచ్చే సైటేషన్ల (ఉదహరింపుల) కంటే పోయేవే ఎక్కువ. నాన్ కమర్షియల్ షరతుకు కూడా నా ఓటు లేదు. లైసెన్స్‌గా నలుగురికీ తెలిసిన ప్రామాణికమైనది ఏదో ఒకటి ఒక్క అక్షరం మార్చకుండా పెట్టండి. సైటేషన్ సంగతి లైసెన్స్ బయట, వాడేవాడి కళ్ల ముందు పెట్టండి. ఎలాగో వివరంగా చెప్తాను.

నేను న్యాయవాదిని కాను. పద్నాలుగేళ్లుగా ఒక కణ ప్రవాహాల సిమ్యులేషన్ కోడ్‌ను చూసుకుంటున్న మనిషిని. ఈ విషయంలో చేయదగ్గ తప్పులన్నీ చేసి నేర్చుకున్నాను.

మీరు రాయాలనుకుంటున్న వాక్యాన్నే నేనూ మొదటి విడుదలలో పెట్టాను. అప్పట్లో చాలా సబబుగా అనిపించింది. రాత్రింబవళ్లు కూర్చుని రాశాం, ఉచితంగా ఇస్తున్నాం, కనీసం పేపర్ పేరు చెప్పమనడం తప్పా అని. రెండేళ్ల తర్వాత ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కు ప్యాకేజీలు తయారుచేసే వాలంటీర్ మర్యాదగా మెయిల్ రాశాడు. మా కోడ్‌ను ప్యాకేజీ చేద్దామనుకున్నాడట, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడట. మూడు ప్రశ్నలు అడిగాడు. ఒకటి, క్లాసులో హోంవర్క్ కోసం వాడిన విద్యార్థి కూడా సైటేషన్ ఇవ్వాలా? రెండు, ఒక కంపెనీ లోపల వాడుకుని ఏమీ ప్రచురించకపోతే ఉల్లంఘన అవుతుందా? మూడు, మీ నైబర్ లిస్ట్ (దగ్గరి కణాల జాబితా) ఫైలు ఒక్కటే తీసుకుని ఇంకెవరో వేరే కోడ్‌లో పెట్టుకుంటే, ఆ రెండో కోడ్ వాడేవాళ్లంతా కూడా మీ పేపర్ ఉదహరించాలా?

మొదటి రెండింటికి ఏదో సర్దిచెప్పాను. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. అవునంటే అది గొలుసులా ఎక్కడిదాకా పోతుందో నాకే తెలియదు. కాదంటే ఇక ఆ షరతు ఎందుకు?

ఈ గొలుసు కథ కొత్తది కాదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ల పాత బీఎస్‌డీ లైసెన్స్‌లో నాలుగు క్లాజులు ఉండేవి. అందులో ఒకటి, ఈ సాఫ్ట్‌వేర్ ప్రస్తావన ఉన్న ప్రతి ప్రకటనలోనూ ఫలానా విశ్వవిద్యాలయం పేరు వేయాలన్నది. ఒక్క పేరైతే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఆ లైసెన్స్‌ను కాపీ చేసుకున్న ప్రతివాళ్లూ విశ్వవిద్యాలయం పేరు తీసేసి తమ పేరు పెట్టుకున్నారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇలాంటి వాక్యాలు 75 ఉన్నట్టు, జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్లు లెక్కపెట్టారు. చివరికి 1999లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమే ఆ క్లాజును ఎత్తేసింది. ఇప్పుడు మనం వాడుతున్న మూడు క్లాజుల బీఎస్‌డీ అలా మిగిలినదే. ఇవాళ ఒక మామూలు సిమ్యులేషన్ పని పద్ధతిలో ఎన్ని లైబ్రరీలు ఉంటాయో మీకు తెలుసు. ఒక్కోటీ ఒక్కో పేపర్ కోరితే, రిఫరెన్స్ లిస్టు పేపర్ కంటే పొడుగవుతుంది.

జీపీఎల్ విషయానికొస్తే ఊహించుకోవాల్సిన పని లేదు. దాన్ని రాసినవాళ్ల ప్రశ్నోత్తరాల్లోనే మీ ప్రశ్న దాదాపు ఇవే మాటల్లో ఉంది. జవాబు "కుదరదు". జీపీఎల్ మూడో వెర్షన్‌లో ఏడో సెక్షన్ కొన్ని అదనపు షరతులను అనుమతిస్తుంది. సోర్స్‌లో ఉన్న రచయితల పేర్లు చెరపకుండా ఉంచాలి అనేది వాటిలో ఒకటి. పరిశోధన పేపర్లో ఉదహరించాలి అనేది ఆ హద్దు దాటిపోతుంది, కాబట్టి అది అదనపు ఆంక్ష కిందికి వస్తుంది. అలాంటి ఆంక్ష తగిలిస్తే, కోడ్ అందుకున్నవాడు దాన్ని తీసేసి ముందుకు పంపుకోవచ్చని అదే సెక్షన్ చెప్తుంది. అంటే మీరు కష్టపడి రాసిన వాక్యాన్ని తీసేసే హక్కు మీ లైసెన్సే వాళ్లకు ఇస్తుంది.

ఇంకో సంగతి. కాపీరైట్ అనేది మీ కోడ్ మీద ఉంటుంది, ఆ కోడ్ నడిపితే వచ్చిన ఫలితాల మీద కాదు. నా కంప్యూటర్లో నడిపి తెచ్చుకున్న ట్రాజెక్టరీ ఫైలు, ఎనర్జీ పట్టిక నావి. ప్రోగ్రాం తన సొంత పాఠాన్నే అవుట్‌పుట్‌లోకి కుమ్మరించే కొన్ని అరుదైన సందర్భాలు వేరు, సిమ్యులేషన్లో అవి రావు. కాబట్టి "ఫలితాలు ప్రచురిస్తే" అని మొదలయ్యే షరతుకు కాపీరైట్ చట్టం నుంచి పెద్దగా బలం దొరకదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సుల్లో "కాపీరైట్ ప్రకటన అలాగే ఉంచాలి" అని ఉంటుంది కదా, అది సైటేషనే కదా అంటారు. కాదు. అది కోడ్‌ను పంచేవాడికి వర్తించే షరతు. మీ ఫైళ్లు ఇంకొకరికి ఇస్తే మీ పేరున్న ఆ నాలుగు లైన్లు కూడా ఇవ్వాలి, అంతే. కోడ్‌ను వాడి పేపర్ రాసేవాడికి దాంతో సంబంధం లేదు. పేరు నిలపడం వేరు, ఉదహరించడం వేరు. మొదటిది చట్టం చూసుకుంటుంది. రెండోది పరిశోధకుల మధ్య ఆనవాయితీ. ఆనవాయితీని తప్పినవాణ్ని రివ్యూయర్ అడుగుతాడు, ఎడిటర్ అడుగుతాడు. కోర్టుకు వెళ్లి సైటేషన్ తెచ్చుకున్నవాణ్ని నేనైతే చూడలేదు.

సరే, లైసెన్స్‌లో వద్దంటే మరి సైటేషన్లు ఎలా వస్తాయి? నా అనుభవంలో ఎగ్గొట్టాలని ఎగ్గొట్టేవాళ్లు చాలా తక్కువ. ఏది ఉదహరించాలో తెలియక, వెతికే ఓపిక లేక వదిలేసేవాళ్లే ఎక్కువ. పేపర్ పంపాల్సిన రాత్రి పన్నెండింటికి మీ వెబ్‌సైట్‌లో నాలుగు పేజీలు తిరిగి ఏ పేపర్ పెట్టాలో కనుక్కునేంత తీరిక ఎవరికుంటుంది?

అన్నిటికంటే బాగా పనిచేసేది: ప్రోగ్రామే చెప్పాలి. పేరున్న మాలిక్యులర్ డైనమిక్స్ ప్రోగ్రాం గ్రోమాక్స్ లాగ్ ఫైలు (రన్ వివరాలు రాసుకునేది) ఎప్పుడైనా కింది దాకా చదివారా? దయచేసి వీటిని చదివి ఉదహరించండి అంటూ పేపర్ల వివరాలు ఒక్కొక్కటిగా వస్తాయి. అందులో గ్రోమాక్స్ పేపర్లే కాదు, మీరు ఆ రన్‌లో పార్టికల్ మెష్ ఇవాల్డ్ అనే లెక్కింపు పద్ధతి వాడితే దాని పేపర్, ఫలానా కన్‌స్ట్రెయింట్ పద్ధతి వాడితే దాని పేపర్ ఉంటాయి. ల్యామ్ప్స్ అనే అలాంటి ఇంకో ప్రోగ్రాం కూడా అంతే. మీ ఇన్‌పుట్‌లో వాడిన ఫీచర్లు ఎవరెవరు రాశారో చూసి, ఆ పేపర్లను బిబ్‌టెక్ (రిఫరెన్స్ జాబితాలకు వాడే ఫార్మాట్) రూపంలోనే చేతికిస్తుంది. కాపీ చేసి మీ ఫైల్లో అతికించుకోవడమే. ఇలాంటి ప్రోగ్రాంలకు జోడించుకునే ప్లూమ్డ్‌దీ అదే దారి. ఆర్ భాషలో అయితే సైటేషన్ అనే ఫంక్షనే ఉంది, ప్యాకేజీ పేరు ఇస్తే ఎలా ఉదహరించాలో చెప్తుంది.

మా కోడ్‌లో ఇలా పెట్టుకున్నాం. ప్రతి మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు తన పేపర్ వివరాన్ని ఒక జాబితాలో రాసుకుంటుంది. రన్ ముగిశాక ఆ జాబితాలో రెండుసార్లు వచ్చినవి తీసేసి, లాగ్ చివర అచ్చువేస్తుంది. మొత్తం అరవై లైన్ల పని. మొదటిసారి పెట్టినప్పుడు ఒక చిన్న పొరపాటు జరిగింది. సున్నా నంబరు ప్రాసెస్ మాత్రమే అచ్చువేయాలన్న షరతు రాయడం మరిచిపోయాను. ఒకాయన 512 ప్రాసెసర్ల మీద నడిపాడు. లాగ్ ఫైల్లో మా పేపర్ పేరు 512 సార్లు వచ్చింది. "మీ బాధ అర్థమైంది, తప్పకుండా సైట్ చేస్తాను" అని మెయిల్ పెట్టాడు. చేశాడు కూడా.

నవ్వులాట పక్కన పెడితే, ఆ మార్పు తర్వాత "మీ కోడ్‌కు ఏ పేపర్ ఇవ్వాలి?" అన్న మెయిళ్లు దాదాపు ఆగిపోయాయి. వాడిన ఫీచర్లకు తగ్గ పేపర్లనే అచ్చువేయడం ముఖ్యం. పదిహేను పేపర్ల ఒకే జాబితా ప్రతిసారీ వస్తే ఎవరూ చదవరు. మీ థర్మోస్టాట్ (ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే) మాడ్యూల్ రాసిన విద్యార్థి పేపర్, ఆ థర్మోస్టాట్ వాడినవాళ్ల లాగ్‌లోనే రావాలి. ఇంకొకటి, అదే అచ్చులో వెర్షన్ నంబరు, గిట్ కమిట్ హ్యాష్ (కోడ్ ఏ మార్పు దగ్గర ఉందో చెప్పే గుర్తు), సింగిల్ ప్రెసిషనా డబుల్ ప్రెసిషనా అన్నది కూడా వేయించండి. ఏడాది తర్వాత రివ్యూయర్ "ఏ వెర్షన్?" అని అడిగితే మీ యూజర్ మీకు దండం పెట్టుకుంటాడు.

రెండోది, రిపోజిటరీ (కోడ్ ఉంచే చోటు) మొదట్లో సైటేషన్ డాట్ సీఎఫ్ఎఫ్ అనే ఫైలు పెట్టండి. యామల్ ఫార్మాట్‌లో ఉండే మామూలు టెక్స్ట్ ఫైలే. ప్రోగ్రాం పేరు, రచయితలు, వెర్షన్, విడుదల తేదీ ఉంటాయి. 2021 నుంచి కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్ ఈ ఫైలు కనిపిస్తే పక్కన "ఈ రిపోజిటరీని ఉదహరించండి" అన్న బటన్ చూపిస్తుంది, నొక్కితే బిబ్‌టెక్ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు బదులు మీ పేపర్‌నే ఉదహరించమని కోరాలంటే అదే ఫైల్లో ప్రిఫర్డ్ సైటేషన్ అన్న భాగం కింద పేపర్ వివరాలు రాయాలి. పది నిమిషాల పని.

మూడోది డీవోఐ, అంటే ప్రచురణలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. రిపోజిటరీ లింకు ఒక్కటే ఇస్తే అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. గ్రూపు పేరు మారుతుంది, అకౌంట్ మారుతుంది, లింకు చచ్చిపోతుంది. యూరప్ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే ఆర్కైవ్ 2013 నుంచి ఉంది. గిట్‌హబ్‌తో జోడిస్తే మీరు రిలీజ్ చేసిన ప్రతిసారీ ఆ వెర్షన్ కాపీ తీసుకుని డీవోఐ ఇస్తుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి, నేను రెండింట్లోనూ పడ్డాను. జెనోడోలో మీ రిపోజిటరీ స్విచ్ ముందే ఆన్ చేసి, ఆ తర్వాతే రిలీజ్ చేయాలి. స్విచ్ వేయకముందు చేసిన రిలీజ్‌ను అది పట్టించుకోదు. ఇక రెండోది, కొత్త వెర్షన్ డీవోఐ రిలీజ్ అయ్యాక గానీ పుట్టదు, కాబట్టి దాన్ని ఆ రిలీజ్ లోపలి ఫైల్లో రాయడం కుదరదు. కోడిముందా గుడ్డుముందా వ్యవహారం. దీనికి విరుగుడు ఉంది. జెనోడో అన్ని వెర్షన్లకూ కలిపి ఒక డీవోఐ, ఒక్కో వెర్షన్‌కు ఒక్కో డీవోఐ ఇస్తుంది. రీడ్‌మీలో, లాగ్‌లో ఆ ఉమ్మడి డీవోఐ పెట్టేయండి. పేపర్ రాసేవాళ్లకు మాత్రం తాము వాడిన వెర్షన్ డీవోఐ ఇమ్మని చెప్పండి.

సోర్స్ మొత్తం భద్రంగా ఉండాలన్న పట్టింపు ఉంటే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ కూడా చూడండి. ఫ్రాన్స్ కంప్యూటర్ పరిశోధన సంస్థ ఇన్రియా 2016లో మొదలుపెట్టిన ఆర్కైవ్ అది. ఒక ఫైల్లోని ఫలానా లైన్ల దాకా వేలుపెట్టి చూపించే గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది.

ఇక పేపర్ విషయం. కోడ్ మీద విడిగా పేపర్ లేకపోతే ఒకటి రాయండి. ఉద్యోగాల కమిటీలు ఇంకా పేపర్లనే లెక్కపెడుతున్నాయి, అది మన చేతుల్లో లేదు. జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2016 నుంచి సరిగ్గా ఈ పనికే ఉంది. పేపర్ చిన్నదే, రివ్యూ అంతా బహిరంగంగా, కోడ్ మీదే జరుగుతుంది. ఓఎస్ఐ (ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్) ఆమోదించిన లైసెన్స్ ఉంటేనే తీసుకుంటారు. మీరు రాద్దామనుకున్న వాక్యం కలిపి ఉంటే అక్కడే తిప్పిపంపేవాళ్లు. పద్ధతి గురించి పొడుగ్గా రాయాలనుకుంటే కంప్యూటర్ ఫిజిక్స్ కమ్యూనికేషన్స్, సాఫ్ట్‌వేర్‌ఎక్స్ జర్నళ్లు ఉన్నాయి.

అయితే ఒక్క పేపరే శాశ్వతం అనుకోకండి. ల్యామ్ప్స్‌కు దశాబ్దాల పాటు అందరూ ఇచ్చింది 1995 నాటి పేపర్. అందులో రచయిత ఒక్కరే. ఈలోగా ఆ కోడ్ ఫోర్ట్రాన్ నుంచి సీ ప్లస్ ప్లస్‌కు మారింది, ఎంతోమంది చేతులు పడ్డాయి. వాళ్ల పేర్లతో కొత్త పేపర్ 2022లో వచ్చింది. ఆ రెండు పేపర్ల మధ్యకాలంలో కోడ్‌కు ప్రాణం పోసినవాళ్లకు ఆ పాత పేపర్ ద్వారా ఒక్క సైటేషనూ దక్కలేదు. మీ గ్రూపులో ఇప్పుడు కొత్తగా చేరుతున్న విద్యార్థులకు ఆ పరిస్థితి రాకూడదనుకుంటే, పేపర్‌తో పాటు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను కూడా ఉదహరించమని అడగండి. వెర్షన్ రికార్డులో రచయితల జాబితాను ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను కూడా పేపర్‌లాగే రిఫరెన్స్ లిస్టులో ఉదహరించాలని, పరిశోధన ప్రచురణ పద్ధతుల మీద పనిచేసే ఫోర్స్11 బృందం 2016లో సూత్రాలు కూడా ప్రచురించింది. కృతజ్ఞతల పేరాలో ఒక ముక్క రాసి సరిపెట్టేస్తే సైటేషన్ లెక్కల్లోకి రాదు.

ఇప్పుడు ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ.

ఆ లైబ్రరీ లైసెన్స్ జీపీఎల్, రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతిది. దాన్ని లింక్ చేసిన బైనరీని (కంపైల్ చేసిన ప్రోగ్రాంను) మీరు పంచితే, ఆ మొత్తం జీపీఎల్ షరతుల కింద పంచాలి. మీరు జీపీఎల్ అనే అనుకుంటున్నారు కాబట్టి గొడవ లేదు. కానీ మీ గైడ్ చెప్పిన "కమర్షియల్‌గా వాడకూడదు" దానికి తగిలించారనుకోండి, ఆ క్షణం నుంచి మీరే ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ లైసెన్స్‌ను ఉల్లంఘిస్తున్నట్టు. జీపీఎల్ లైబ్రరీ కలిపిన బైనరీకి నాన్ కమర్షియల్ షరతు పెట్టడం కుదరదు. అందుకే మొదట చూడాల్సింది ఇదే అన్నాను. లైసెన్స్ ఎంచుకోవడం మొదలుపెట్టేది మన ఇష్టాయిష్టాల దగ్గర కాదు, మన కోడ్ వేటిని లింక్ చేస్తోందన్న జాబితా దగ్గర.

బీఎస్‌డీ లాంటిది పెట్టాలనుకుంటే దారి లేకపోలేదు. ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూను ఐచ్ఛికం చేసి, పాకెట్‌ఎఫ్ఎఫ్‌టీ లాంటి బీఎస్‌డీ లైబ్రరీని లోపలే పెట్టుకోవచ్చు. పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పై వాడేది అదే. ఇంటెల్ గణిత లైబ్రరీ ఎంకేఎల్ కూడా ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఇంటర్‌ఫేస్‌నే అందిస్తుంది కాబట్టి మీ సోర్స్ మార్చకుండా దాంతోనూ కంపైల్ చేసుకోవచ్చు. కాకపోతే ఎంకేఎల్ ఓపెన్ సోర్స్ కాదు, దానితో కలిపిన జీపీఎల్ బైనరీని పంచడం మళ్లీ చిక్కే. సోర్స్ ఇచ్చి, కంపైల్ చేసుకోవడం వాడేవాళ్లకే వదిలేస్తే ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. జీపీఎల్ షరతులు మొదలయ్యేది పంచినప్పుడే. మీ క్లస్టర్‌లో మీరు ఏదితో కలిపి నడుపుకున్నా ఎవరూ అడగరు.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. పాత సిమ్యులేషన్ కోడ్ చేతికొస్తే నేను మొట్టమొదట వెతికేది ర్యాన్2, గ్యాస్‌డెవ్, జాకోబీ లాంటి ఫంక్షన్ పేర్లు. న్యూమరికల్ రెసిపీస్ పుస్తకంలోవి. ఆ పుస్తకంలోని కోడ్‌కు కాపీరైట్ ఉంది, సోర్స్ రూపంలో ఇంకొకరికి పంచే హక్కు పుస్తకం కొన్నంత మాత్రాన రాదు. మా కోడ్‌లో విడుదలకు వారం ముందు ఒకటి దొరికింది. పేరు మార్చారు, కామెంట్లు తీసేశారు. కానీ లోపల 2147483563 అన్న సంఖ్య కనబడగానే గుండెల్లో రాయి పడింది. ఆ సంఖ్య కలిగిన గణిత పద్ధతి ఎవరైనా రాసుకోవచ్చు. కానీ 32 గడుల షఫుల్ పట్టికతో సహా ఆ లైన్ల పేర్పు అచ్చు ఆ పుస్తకంలోదే. ఎవరో పూర్వ విద్యార్థి ఎప్పుడో టైపు చేసి పెట్టాడు. తీసేసి, సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలోని మెర్సెన్ ట్విస్టర్ అనే ర్యాండమ్ నంబర్ల పద్ధతి పెట్టాం. ర్యాండమ్ నంబర్లు మారాయి కాబట్టి మా టెస్టుల రిఫరెన్స్ ఫలితాలన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. రెండు వారాల టెన్షన్. మీది ఆరేళ్ల కోడ్ అంటున్నారు, ఒకసారి వెతకండి.

మరి ఏ లైసెన్స్ అంటే, నా అభిప్రాయం చెప్తాను, అందరూ ఒప్పుకోనక్కర్లేదు. మీది పూర్తి ప్రోగ్రాం, ఇతరులు మెరుగుపరిచి పంచితే ఆ మార్పులు అందరికీ దక్కాలి అనుకుంటే జీపీఎల్. ల్యామ్ప్స్, క్వాంటమ్ ఎస్ప్రెసో, ఓపెన్‌ఫోమ్ ఆ దారిలోనే ఉన్నాయి. ఇతర కోడ్‌లు మీదాన్ని లైబ్రరీలా కలుపుకోవాలి, అయినా మీ ఫైళ్లలో చేసిన మార్పులు బయటికి రావాలి అనుకుంటే ఎల్‌జీపీఎల్. గ్రోమాక్స్ మొదట జీపీఎల్‌లో ఉండి, 2013లో 4.6 వెర్షన్‌తో ఎల్‌జీపీఎల్‌కు మారింది. ఎవరు ఎలాగైనా వాడుకోనీ, వ్యాపిస్తే చాలు అనుకుంటే బీఎస్‌డీ లేదా అపాచీ 2.0. సమీకరణాలు సాధించే పెట్‌ఎస్‌సీ లైబ్రరీ బీఎస్‌డీలో ఉంది. అపాచీలో పేటెంట్ల గురించి స్పష్టత ఉంటుంది. కానీ దాన్ని జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే అన్న కోడ్‌తో కలపలేరు, మూడో వెర్షన్‌తో కలపవచ్చు. మీ విషయంలో, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఎలాగూ ఉంది కాబట్టి, జీపీఎల్ మూడో వెర్షన్ పెట్టేయమంటాను. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు కోడ్‌కు వద్దు, వాటిని తయారుచేసినవాళ్లే సాఫ్ట్‌వేర్‌కు వాడవద్దంటారు. మాన్యువల్‌కు, ఉదాహరణలకు పెట్టుకోండి. ఏమీ పెట్టకుండా వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. లైసెన్స్ లేని కోడ్ చూడ్డానికే గానీ వాడటానికి, మార్చడానికి ఎవరికీ హక్కు ఉండదు.

మీ గైడ్ నాన్ కమర్షియల్ కోరిక వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. ఏదో కంపెనీ ఎత్తుకుపోయి డబ్బు చేసుకుంటుందేమోనని. కానీ కమర్షియల్ అంటే ఏమిటో గీత గీయగలరా? కంపెనీ నిధులతో విశ్వవిద్యాలయంలో నడిచే ప్రాజెక్టు కమర్షియలా కాదా? ఫీజు తీసుకునే శిక్షణా తరగతి? అనుమానం వచ్చినవాడు అడగడు, వేరే కోడ్ వెతుక్కుంటాడు. పైగా ఏ రంగంలో వాడినా వివక్ష చూపకూడదన్నది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ఆ షరతు పెడితే ఓపెన్ సోర్స్ అని పిలవలేరు. ఎన్ఏఎండీ అనే మాలిక్యులర్ డైనమిక్స్ ప్రోగ్రాం అలాగే ఉంది, నాన్ కమర్షియల్ పనికి ఉచితం, సోర్స్ చూడవచ్చు, కానీ ఓపెన్ సోర్స్ కాదు. అయినా కోట్లమందికి కాకపోయినా చాలామందికి ఉపయోగపడుతోంది, దాన్ని తప్పుపట్టడం లేదు. మీకు నిజంగా కంపెనీల నుంచి ఆదాయం కావాలంటే ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ పద్ధతే నయం. అందరికీ జీపీఎల్, ఆ షరతులు వద్దనుకున్న కంపెనీలకు ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి డబ్బిచ్చి కొనుక్కునే వేరే లైసెన్స్. కానీ దీనికి కోడ్ మొత్తం మీద హక్కు ఒక్క చేతిలో ఉండాలి, మీ ప్రోగ్రాంలో ఇతరుల జీపీఎల్ ముక్కలు ఉండకూడదు.

హక్కు అన్నాను కదా. రాసింది మీరే అయినా, కోడ్ మీది కాకపోవచ్చు. జీతం తీసుకుని రాసిన కోడ్ చాలా చోట్ల సంస్థదే అవుతుంది, విద్యార్థుల విషయంలో ఒక్కో చోట ఒక్కో నియమం. గ్రాంట్ ఒప్పందంలో కూడా ఏదైనా ఉండవచ్చు. విడుదలకు ముందు మీ సంస్థలో ఆ వ్యవహారాలు చూసేవాళ్లకు ఒక మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత చేయవచ్చులే అని నేను వాయిదా వేశాను. ఆ వాలంటీర్ మెయిల్ వచ్చాక లైసెన్స్ మార్చాలంటే, కోడ్‌లో చేయిపెట్టిన పదకొండు మంది దగ్గరా ఒప్పుకోలు తీసుకోవాల్సి వచ్చింది. పది మంది వారంలో సరే అన్నారు. పదకొండో వ్యక్తి పరిశోధన వదిలేసి ఎటో వెళ్లిపోయాడు, ఏ మెయిలూ పనిచేయలేదు. అతను రాసిన గోడ సరిహద్దుల భాగం, మూడు వందల చిల్లర లైన్లు, అతని కోడ్ ఎప్పుడూ చూడని కొత్త అమ్మాయి చేత పేపర్లోని సమీకరణాల నుంచి మళ్లీ రాయించాం. ఆమె రాసినది పాతదాని కంటే వేగంగా నడిచింది, అది వేరే సంగతి.

ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి ఆ షరతుతో ఉన్న పాత కాపీ ఇచ్చామన్నారు కదా, దాని గురించి. కొత్త విడుదలలో లైసెన్స్ ఫైలు మొత్తం మార్చి, ప్రతి సోర్స్ ఫైలు పైన ఒక లైన్ ఎస్‌పీడీఎక్స్ గుర్తింపు (ఏ లైసెన్సో చెప్పే ప్రామాణిక పొట్టి పేరు) పెట్టండి. రీడ్‌మీలో "లైసెన్స్" అన్న శీర్షిక, "ఉదహరించడం" అన్న శీర్షిక వేర్వేరుగా ఉండాలి. రెండో దాని కింద "కోరుతున్నాం" అనే రాయండి, "తప్పనిసరి" అనవద్దు. పాత కాపీ తీసుకున్నవాళ్లకు, ఆ వెర్షన్‌కు కూడా అదనపు షరతును ఎత్తేస్తున్నామని, జీపీఎల్ మాత్రమే వర్తిస్తుందని హక్కుదారులందరి తరఫున ఒక మెయిల్ పంపండి. ఆ మెయిల్ కాపీని రిపోజిటరీలో కూడా ఒక మూల పడేయండి. మీరు లింక్ చేస్తున్న మిగతా లైబ్రరీల పేర్లు ఇక్కడ రాస్తే ఏది దేనితో పొసగుతుందో చూసి చెప్తాను.